డర్టు శబ్దమునకు టీకాతాత్పర్యములు

మూలము: “అమ్మా, తాతయ్య కాళ్లకు డర్టు!”

అవతారిక: నరసరావుపేటలో ఇంగ్లీషు మీడియము చదువు చదువుచు, దసరా సెలవులకు గురజాల చెంతనున్న తల్లి పుట్టింటికి వచ్చిన యొక బాలుడు, వాన వెలిసిన వెనుక మిరపచేనినుండి వచ్చి అరుగుపై కూర్చుండి, పాదములకు చెప్పులమందమున అంటిన రేగడిని కంపపుల్లతో గీకుకొనుచున్న తాతను జూచి పలికిన వాక్యమిది.

టీక: అమ్మా = ఓ తల్లీ; తాతయ్య = మాతామహునియొక్క; కాళ్లకు = పాదద్వయమునకు; డర్టు = మురికి. “అంటినది” యని క్రియాధ్యాహారము.

వ్యుత్పత్తి: ఈ శబ్దము ఆంగ్లులకు పిత్రార్జితము గాదు; ఓడలెక్కి వచ్చిన ఉత్తరదేశీయుల నార్సు భాషలోని ‘డ్రిట్’ దీనికి మూలము. దానికి ముఖ్యార్థము పురీషము, చదువరులు మన్నింతురుగాక. తమిళుల ‘ఉరల్’ మనకు ‘రోలు’ అయినట్లే, 15వ శతాబ్దినాటికి వర్ణవ్యత్యయముచే రేఫము అచ్చునకు వెనుకబడి, అది డర్టయ్యెను. అర్థము మాత్రము నిలిచినచోట నిలువక, పురీషమునుండి బురదకును, బురదనుండి మంటికిని ప్రాకెను. నేడు అమెరికాలో మట్టిబాటయు డర్టు రోడ్డే.

మన్నును మురికియు నొకటియే గదా యందురేని, కాదు. మురికి కాలువది, మకిలి యిత్తడిచెంబుది, జిడ్డు తలగడది; చేనికి వీనిలో నొక్కటియు చెల్లదు. రాళ్లను, తేళ్లను, జొన్నకూటిని ఏకరువుపెట్టి పలనాటిని దెప్పిన శ్రీనాథుని చాటువు సైతము మంటిజోలికి పోలేదు. తడిసిన ఉబ్బి కాలు వదలక, ఎండిన చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చి, పైమన్ను ఆ నెఱ్ఱెలలోనికి జాఱగా తన్నుతానే దున్నుకొను నేల యిది. దీనిని వర్ణింపబూనిన ఇంగ్లీషు భూశాస్త్రగ్రంథములు, ఇంట డర్టు శబ్దముండియు దాని నంటక, మన రేగడినే ‘రేగుర్’ అని నోరు తిరిగినట్లు వ్రాసికొన్నవి.

తాత్పర్యము: అమ్మా, తాతయ్య కాళ్లకు చేను అంటుకొన్నది.

తాతగారీ వ్యాఖ్యానమును వినలేదు. బీరపాదు మొదట నిలువబడి, చెంబెడు నీళ్లతో కాళ్లు కడుగుకొని, అన్నమునకు లోపలికి వెళ్లిరి.