పడవ బొమ్మ ఇత్తడికి చింతపండు పెట్టకండి

ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టి తోమడం మన ఇళ్లలో చేతికి పట్టేసిన అలవాటు. పడవ నమూనాలు చేసేవాళ్లు కూడా అదే పద్ధతిలో గంటలు, కొక్కేలు, గొలుసులు తళతళలాడిస్తారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ముందు ఆ మెరుపు చంపండి. మూరెడు పడవ మీద మెరిసే ఇత్తడి గంట ఓడ గంటలా ఉండదు, చొక్కా గుండీలా ఉంటుంది. పెంబర్తి కళాకారులు తమ రేకుకు మెరుగు పెడతారంటే అది గుడి తలుపులకూ స్వామివారి వాహనాల తొడుగులకూ కాబట్టి. దీపాల వెలుతురులో దూరం నుంచి చూసి దండం పెట్టే వస్తువులవి. పడవ అలా కాదు, ఎండావానల్లో పనిచేసేది. పైగా ఇత్తడిని చింతపండులో ఎక్కువసేపు నానబెడితే అందులోని జింకు కరిగిపోయి రాగి ఛాయ ఎర్రగా పైకి తేలుతుంది. సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే చాలు.

తుప్పు నేర్చుకోవడానికి వరంగల్ వాళ్లకు సముద్రంతో పనిలేదు, కాజీపేట జంక్షన్ ఉంది. ఆగి ఉన్న గూడ్సు వ్యాగన్ తలుపు కీలు మీద కళ్లు నిలపండి. కీలు అంచున తుప్పు దాదాపు నలుపు. అక్కడి నుంచి సన్నటి చార కిందికి జారుతూ, పలచబడుతూ నారింజ రంగుకు తిరిగి, రంగు రేకులో కలిసిపోతుంది. గొళ్లెం రాసుకునే చోట మాత్రం ఇనుము తెల్లగా మెరుస్తుంది. పడవ మీద కూడా తాడు ఒరుసుకునే చోట, చెయ్యి పడే చోట మాత్రమే మెరుపు మిగలాలి.

గోధుమరంగు పెయింటు డబ్బా కొనకండి. అసలు తుప్పే వాడండి. పాత ఇనుప సామాన్ల కొట్టులో తుప్పు గీరి తెచ్చుకుని, మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించండి. జల్లించడంలో బద్ధకిస్తే పని చెడుతుంది. నూరో వంతు నమూనా మీద ఒక మిల్లీమీటరు రేణువంటే అసలు ఓడ మీద పది సెంటీమీటర్ల పెచ్చు!

అన్నిటికంటే ముందు ఓడకు ఒక తేదీ పెట్టుకోండి. విశాఖలో సింధియా యార్డు కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దింపారు. ఆ రోజు ఓడ చేస్తే దాని మీద తుప్పు చుక్క కూడా ఉండకూడదు. పదేళ్లు సరుకు మోసిన ఓడ చేస్తే లంగరు గొలుసు దూరే కన్నం కింద చార కారకుండా ఉండకూడదు. ఈ రెండూ కలిపేసిన నమూనాలు చూస్తే నాకు బాధేస్తుంది.

ఇత్తడి నల్లబడాలంటే అమ్మోనియా ఆవిరి పట్టాలి. మూత ఉన్న డబ్బాలో అడుగున కాస్త అమ్మోనియా పోసి, ముక్కను దానికి తగలకుండా దారంతో వేలాడదీయండి. ఈ పని ఆరుబయటే చేయాలి, బ్లీచింగ్ ద్రవం దగ్గరికి రానివ్వకూడదు. గోదావరి పడవైతే గోధుమరంగు రాగానే తీసేయండి. పచ్చటి చిలుము ఉప్పుగాలి తిన్న ఓడకే నప్పుతుంది. వంచిన తీగనైతే ముందు మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, లేకపోతే పగులుతుంది. బ్రిటిష్ హయాంలో మన దేశంలోనే గుర్రపుసాలల దగ్గర నిలవ చేసిన ఇత్తడి తూటా తొడుగులు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. సాగదీసిన ఇత్తడిలో బిగుసుకున్న ఒత్తిడి, గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా కలిసి ఆ పని చేశాయని 1921కి గానీ రుజువు కాలేదు.

చివరగా అందరూ కాదనే మాట: పడవను గాలాడని అద్దాల పెట్టెలో బిగించకండి. వలకు కట్టే సీసపు గుండ్లను సాగగొట్టి లంగర్లు చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ప్లైవుడ్డు, తెల్లజిగురు వదిలే ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో పేరుకుని సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తుంది. మ్యూజియాల్లో ఎన్నో పాత ఓడ నమూనాలు ఇలాగే దెబ్బతిన్నాయి. పెట్టె అడుగున రెండు వైపులా వేలు పట్టేంత కన్నాలు పెట్టి జాలీ బిగించండి, కొంచెం దుమ్ము పడితే పడనివ్వండి. తెల్లపొడి కనిపిస్తే నోటితో ఊదకండి, అది విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ ముక్క పీకేసి, ఇత్తడిది పెట్టండి.