మాజీ సీఐ గారి ఎర్రదారం

మళ్లీ ఒక డార్క్ థ్రిల్లర్ నవల ప్రకటించారు. ఉద్యోగం మానేసిన పోలీసు అధికారి, ఆయన్ను వేటాడే హంతకుడు, అట్ట మీద వాన. కథ మీకు తెలిసిందే. మాజీ సీఐ గారికి గడ్డం ఉంటుంది, మందు అలవాటుంటుంది, భార్య ఉండదు. ఆమె మొదటి అధ్యాయానికి ముందే పోవాలి, లేకపోతే హాలు గోడకి అన్ని మేకులు కొట్టనివ్వదు. హంతకుడి తీరు మరీ ముచ్చట. చంపినవాడు దొరక్కూడదనుకోవడం లోకరీతి. ఈయన మాత్రం శవానికొక పొడుపుకథ జతచేసి, దాన్ని మాజీ సీఐ గారే విప్పాలని పట్టుబడతాడు. ఠాణాలో జీతం తీసుకుంటున్న సీఐ పనికిరాడు. ఉద్యోగం మానేసినవాణ్ణి ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకునేవాడు ఈ రాష్ట్రంలో మరొకడు లేడు.

ఆ మేకుల మధ్య ఆధారాలను కలుపుతూ కట్టే ఎర్రదారం దగ్గర కాసేపు ఆగాలి. హత్య జరిగితే ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు, కేస్ డైరీ, చివరికి చార్జిషీటు. వీటన్నిటిలో దారానికున్న పని ఒక్కటే, కాగితాలను కట్టగట్టడం. వరంగల్ దగ్గర గొర్రెకుంటలో 2020 మేలో ఒకే బావిలో తొమ్మిది శవాలు దొరికితే, పోలీసులు చూసింది సీసీ కెమెరాల దృశ్యాలు. మన సీఐ గారికి కెమెరా అక్కర్లేదు, చట్టమూ అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, కళ్లెదుట బెయిలు హక్కుగా దొరకని పెద్ద నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. రాజీనామా చేసిన సీఐ గారి అధికారమూ అంతే, కిరాణా కొట్టు సేటుకున్నంత. మరి ఆయన తలుపులు పగలగొట్టడం, అనుమానం ఉన్నవాణ్ణి కుర్చీకి కట్టి కొట్టడం ఎలా? అందుకే ఆయన చేత రాజీనామా చేయించారు. యూనిఫాం విప్పినవాణ్ణి వారెంటు ఏదని అడిగే పాఠకుడుండడు.

ఇక ఇలాంటి నవలల ప్రకటనల్లో ఉండే ‘వాస్తవానికి అతి దగ్గరగా’ అన్న ముక్క. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522 అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో 9,962 తగాదాల వల్ల, 3,761 పగల వల్ల. గెట్టు పంచాయితీ ఎక్కడిదాకా పోతుందో సిద్దిపేట జిల్లా రాయపోల్ రైతుకు ఏ నవలా నేర్పక్కర్లేదు. వరస హత్యలు మన దగ్గర జరగలేదా? జరిగాయి. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2015లో మాయమైన చిన్నపిల్ల ఎముకలు, 2019లో మరో ఇద్దరు ఆడపిల్లల శవాలు బయటపడ్డాక గానీ, ఆ ఊరి బావిలో దొరకలేదు. హంతకుడు మేధావి కాదు, ఆ ఊరివాడే. బస్సుకు దిక్కులేని దారిలో బండెక్కమన్నాడు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు మరణశిక్ష వేసింది. మొదటి పిల్ల మాయమవడానికీ ఎముకలు దొరకడానికీ మధ్య నాలుగేళ్లు. ఇక్కడ వెటకారం నోట రాదు. ఆ నాలుగేళ్లు ఏ డార్క్ థ్రిల్లరుకూ పట్టవు. ఈ నవలల్లో ఆడపిల్లలకు ఊరుండదు, అమ్మానాన్నలుండరు. సీఐ గారికి బాధ కలిగించడానికి చావడమే వాళ్ల పని. ఇది సిగ్గులేని రాత.

కాలక్షేపానికి రాసుకున్నదాని మీద ఇంత రాద్ధాంతమా అంటారు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చేసిన పోలీసుల మీద జనం పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. ఆ పూలు చల్లినవి, వారెంటు లేని న్యాయానికి ఏళ్ల తరబడి చప్పట్లు కొట్టి అలవాటుపడ్డ చేతులే. పైదేశాల్లోనూ ఇవే కథలు కదా అంటారు. స్వీడన్‌లో మాయ్ షోవాల్, పెర్ వాలూ 1965–75 మధ్య పది పోలీసు నవలలు రాసింది తమ సంక్షేమ రాజ్యాన్ని నిలదీయడానికి. మనవాళ్లు అక్కడి చలి తెచ్చుకుని, ఆ నిలదీత అక్కడే వదిలేశారు.

రచయితలారా, సీఐ గారిని మళ్లీ డ్యూటీలో చేర్చండి. రాయపోల్ లాంటి మండలంలో ఇంటికి రాని పిల్ల గురించి తండ్రి ఇచ్చిన ఫిర్యాదు, స్టేషన్ రైటర్ బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉంటుందో రాయండి. అంతకంటే భయపెట్టే కథ మన దగ్గర లేదు.