షిఫ్టింగు లేని వంద రోజులు

తెలుగునాట అభిమాని అనగా ఒక నటుని ఖాతా పుస్తకాన్ని జీతం లేకుండా రాసే గుమాస్తా అని నిర్వచించవచ్చు. ఈ వర్గంలో సూపర్‌స్టార్ కృష్ణ అభిమాని, ముఖ్యంగా అరవై దాటి, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూడా నేల టికెట్టు నాటి గొంతును వదులుకోనివాడు, విడిగా పరిశీలింపదగినవాడు. ఇతనికి దుఃఖం సైతం లెక్కల రూపంలోనే వస్తుంది.

2022 నవంబరు 15న కృష్ణ 79 ఏళ్ళ వయసులో హైదరాబాదులో కన్నుమూసినట్లు టీవీలో వినగానే ఇతడు కండువా నోటికి అడ్డం పెట్టుకొని ఏడవడం మొదలుపెట్టి, అంతలో వార్తలు చదివే అమ్మాయి పొరపాటున ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1972లో వచ్చిందని చెప్పగా, ఏడుపు ఆపి ‘డెబ్బయ్యొకటి!’ అని టీవీని గద్దిస్తాడు. తొలి తెలుగు కౌబాయ్ చిత్రం అది, తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’, తొలి 70 ఎం.ఎం. చిత్రం 1986 నాటి ‘సింహాసనం’ అంటూ సాగే ఈ పట్టికను సంకల్పంలో గోత్రనామాల వలె వరుస తప్పకుండా అప్పజెబుతాడు. మధ్యలో ఎవరైనా కృష్ణ నృత్యం ప్రస్తావన తెస్తే మాత్రం చెవి వినబడనట్లు నటిస్తాడు. ఆ నటన, న్యాయంగా చెప్పాలంటే, బాగానే ఉంటుంది.

పరామర్శకు వచ్చేవారిలో ముఖ్యుడు పక్కవీధిలో ఉండే ఎన్.టి. రామారావు అభిమాని. 1977 సంక్రాంతికి ‘దానవీరశూర కర్ణ’, ‘కురుక్షేత్రం’ ఒకే రోజున విడుదల కాగా, భారతానికి విరుద్ధంగా రామారావు కర్ణుడే కృష్ణ అర్జునుణ్ణి గెలిచిన నాటి నుండి వీరిద్దరికీ మాటలున్నది ఆ ఒక్క విషయం మీదనే. వచ్చినవాడు చెప్పులు గుమ్మం బయట విడిచి, చావింటికి వచ్చినట్లే తలవంచి కూర్చుని, ‘కురుక్షేత్రం కూడా మంచి సినిమాయే బావా’ అంటాడు.

వైరం భరించగలిగిన ఇతడు ఈ జాలిని భరించలేడు. షిఫ్టింగు, అనగా వసూళ్ళు తగ్గిన చిత్రాన్ని వంద రోజులు నిండించడానికి ఒక హాలు నుండి మరో హాలుకు మార్చే పద్ధతి, ఎవరి సినిమాలకు ఎక్కువ జరిగిందో తేల్చడానికి మంచం కింది ట్రంకుపెట్టె లాగి, పసుపుబారిన కరపత్రాలు పరుస్తాడు. అవతలివాడు జేబులో కళ్ళజోడు వెతుక్కుంటాడు. ఉదయం నుండి ముట్టని కాఫీని ఇల్లాలు మళ్ళీ వెచ్చచేసి తెచ్చేసరికి, ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినిపిస్తుంటాయి.