సొరంగ కల్యాణమస్తు

పిల్లనిచ్చేవాళ్లు కారుందా అని అడుగుతున్నారట. కాబట్టి బెంగళూరు కింద సొరంగం తవ్వాలట. కర్ణాటక ఉప ముఖ్యమంత్రి హోదాలో, బెంగళూరు అభివృద్ధి శాఖ కూడా చూస్తూ డి.కె.శివకుమార్ గారు 2025 అక్టోబరులో సెలవిచ్చిన మాటల సారం ఇంతే. సొంత బండి తియ్యొద్దని జనానికి ఎవరు చెప్పగలరు, సమాజంలో అదొక అవసరమైపోయింది, కారు లేని అబ్బాయికి పిల్లనివ్వడానికి కూడా ఎవరూ ముందుకు రావడం లేదు అన్నారాయన. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా 16 కిలోమీటర్ల పైచిలుకు టన్నెల్ రోడ్డు, 17 వేల కోట్లు దాటే ఖర్చు. అది వద్దంటూ ఎంపీ తేజస్వి సూర్య వెళ్లి మాట్లాడితే చివరికి తేలిన జవాబు ఇది. అందరూ నవ్వేశారు. తొందరపడ్డారు. దేవుడే దిగివచ్చినా రెండు మూడేళ్లలో ఈ నగరం బాగుపడదని ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇదే పెద్దమనిషి అన్నప్పుడు మనం అది నిస్పృహ అనుకున్నాం. కాదు, బదిలీ ఉత్తర్వు. దేవుణ్ని ట్రాఫిక్ నుంచి తప్పించి పెళ్లిళ్ల శాఖకు వేశారు. సంబంధాలు స్వర్గంలో కుదురుతాయని మన పెద్దలు అనేవారు. కర్ణాటకలో ఇకమీదట పాతాళంలో కుదురుతాయి.

ప్రభుత్వం పెళ్లికి సాయం చెయ్యడం మనకేం కొత్త కాదు. తెలంగాణలో కల్యాణలక్ష్మి కింద పేదింటి ఆడపిల్ల పెళ్లికి 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. సొరంగం డబ్బును ఆ లెక్కన పంచితే దాదాపు 17 లక్షల పెళ్లిళ్లు గట్టెక్కుతాయి. అయినా శివకుమార్ గారి పథకాన్ని తీసిపారెయ్యకూడదు. మన దగ్గర పెళ్లి కుదిరాక చెక్కు ఇస్తారు, ఆయన పెళ్లి కుదరడానికే రోడ్డు వేస్తున్నారు. పైగా ఇది మగపెళ్లివారి పథకం. అర్హతలు కూడా తేటతెల్లం: టూవీలర్లకు సొరంగంలోకి ప్రవేశం లేదు కాబట్టి స్కూటర్ మీద తిరిగే కుర్రాడి జాతకం ఎంత దివ్యంగా ఉన్నా వాడు అనర్హుడే. లోపలికి వెళ్లాలంటే టోల్ కట్టాలి, దాన్ని ఎదురుకట్నం కింద రాసుకోవాలి. పెళ్లిచూపులు హెబ్బాళ ద్వారం దగ్గర, తాంబూలాలు నడిమధ్య ర్యాంపు దగ్గర, సిల్క్ బోర్డులో బయటపడేసరికి అప్పగింతలు. భూమి అడుగున అరుంధతీ నక్షత్రం ఎలా కనిపిస్తుందని అడక్కండి. పట్టపగలు పెళ్లిపందిట్లో మాత్రం ఎవరికి కనిపించింది? పురోహితుడు చూపించాడు, మనం చూశామన్నాం. టన్నెల్ డీపీఆర్‌లో ప్రయాణ సమయం తగ్గిపోవడం కూడా ఈ కోవలోదే.

అసలు రవాణా కోణంలోంచి చూస్తేనే ఈ మాటలోని లోతు తెలుస్తుంది. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్లందూరు దగ్గరో ఇబ్లూరు దగ్గరో, పొద్దున తొమ్మిదింటికి ఆగిపోయిన కార్ల వరసను చూడండి. ఐదు సీట్ల బండిలో ఒక్క మనిషి. పక్క సీట్లో ల్యాప్‌టాప్ సంచి, దాని మీద లంచ్ బాక్సు. ఆ బరువుకి మనిషే కూర్చున్నాడనుకుని బండి అదేపనిగా బీప్‌మంటుంది గనక సంచికి సీటు బెల్టు పెట్టి ఉంటుంది. బస్సులో ఒంటికాలి మీద నిలబడే ప్రయాణికుడికి దక్కని మర్యాద అది. ఈ నగరంలో 10 కిలోమీటర్లు వెళ్లడానికి 2024లో సగటున 34 నిమిషాలు పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్క తేల్చింది. బెల్టు పెట్టుకున్న ఆ సంచే ఇందులో పెద్ద ముద్దాయి. పదిమంది పది కార్లు తీసే చోట ముగ్గురేసి ఎక్కితే నాలుగు చాలు. అందుకే లోకం కార్‌పూల్ అన్న మందు కనిపెట్టింది, కొన్ని దేశాలు అలా వెళ్లేవాళ్లకు వేరే లేన్ కూడా ఇచ్చాయి. శివకుమార్ గారి వైద్యం ఇంకా సంప్రదాయబద్ధం. సంచి ఉన్న చోటికి భార్యను తేవడం.

ఆ సీటు నింపడానికి ఇంతకంటే చట్టబద్ధమైన దారి బెంగళూరు మనిషికి దొరకడం కూడా కష్టమే. 2023లో ట్యాక్సీ సంఘాలు ఫిర్యాదు చేస్తే, తెల్లబోర్డు కార్లలో యాప్ ద్వారా డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం చెల్లదని అక్కడి రవాణా శాఖ కన్నెర్రజేసింది. జరిమానా వేస్తామని, ఆర్సీ సస్పెండ్ చేస్తామని వార్తలు గుప్పుమన్నాయి. గోల పెరిగాక, అది అనుమతి లేని యాప్‌ల గురించేనన్న వివరణ వచ్చింది. ఈలోగా జనం బుర్రకెక్కిన సూత్రం ఒకటే: పక్క ఫ్లాటు మనిషితో పెట్రోలు ఖర్చు పంచుకుని ఆఫీసు గేటు దగ్గర దించితే నేరం, అదే మనిషికి మూడు ముళ్లు వేసి ఎక్కించుకుంటే కాపురం. ట్యాక్సీవాళ్ల గోడు అబద్ధమని నేననను. పసుపు బోర్డు కోసం పర్మిట్, ఫిట్‌నెస్, ఎక్కువ బీమా, పన్ను అన్నీ కట్టేవాడి పక్కన, ఇవేవీ కట్టనివాడు రోజంతా బండి తిప్పితే పొట్టకొట్టినట్టే. అయితే ఆ తేడా ఎలా కనిపెట్టాలో కేంద్రం 2020 నవంబరులోనే అగ్రిగేటర్ మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. రాష్ట్రం వద్దనకపోతే సొంత కార్లలోనూ ప్రయాణం పంచుకోవచ్చు, కాకపోతే ఊరి లోపల రోజుకు నాలుగు, ఊళ్ల మధ్య వారానికి రెండు మించకూడదు అని. ఆఫీసుకు పోయి వచ్చేవాడికి కావలసింది రోజుకు రెండు. నాలుగు ట్రిప్పులతో ఎవడూ దొంగ ట్యాక్సీ నడిపి బతకలేడు. ఆ లెక్క ముందు పెట్టుకుని రెండు పక్షాలనూ కూర్చోబెట్టి తెమల్చాల్సిన వ్యవహారాన్ని ముడివెయ్యకుండానే విడాకుల దాకా తెచ్చారు.

2025 సెప్టెంబరులో ఇంకో ఆలోచన పేపర్లకెక్కింది. రద్దీవేళ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒంటరిగా కారు తీసేవాళ్లకు రుసుము వెయ్యాలని, ఇద్దరుంటే వదిలెయ్యాలని. దీన్ని కంజెషన్ ట్యాక్స్ అంటారు గానీ కొత్త విధానం వెలుగులో ఇది శుద్ధ బ్రహ్మచారి పన్ను. కారు లేకపోతే పిల్లనివ్వరు, పిల్ల లేకుండా కారు తీస్తే పన్ను. కుర్రాడు అటు పందిట్లోకీ వెళ్లలేడు, ఇటు ఆఫీసుకీ వెళ్లలేడు. అప్పుడేం జరుగుతుందో జకార్తాకు బాగా తెలుసు. అక్కడ 1992 నుంచి ముఖ్యమైన రోడ్ల మీద రద్దీవేళ కారులో ముగ్గురుంటేనే ప్రవేశం ఉండేది. దాంతో రోడ్డు పక్కన అద్దె మనుషులు వెలిశారు. చంటిబిడ్డనెత్తుకున్న తల్లికి గిరాకీ ఎక్కువ, ఒక్క కూలికి ఇద్దరు లెక్కకొస్తారు మరి. మనవాళ్లు దండిగా ఉండే డాలస్‌లో 2022లో ఒక నిండు గర్భిణి కార్‌పూల్ లేన్‌లో పట్టుబడి, కడుపులో బిడ్డ మనిషి కాదా అని పోలీసును నిలదీసింది. బెంగళూరులో ఈ నియమం వస్తే సీమంతం ఫొటో ఫాస్టాగ్ పక్కనే అంటించుకోవచ్చు. చూశారా, జనం ఇలా మోసం చేస్తారు, అందుకే ఇవేవీ పనిచెయ్యవు అని కొందరు వెంటనే అందుకుంటారు. ఆ మోసం భరించలేకే జకార్తా 2016లో నియమం ఎత్తేసింది. ఎత్తేశాక ఏమైందో హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు గూగుల్ మ్యాప్స్ లెక్కలతో చూశారు. సాయంత్రం రద్దీ వల్ల అయ్యే ఆలస్యం కిలోమీటరుకు 2.8 నిమిషాల నుంచి 5.3 నిమిషాలకు ఎగబాకింది. ఆ నియమం లేని రోడ్లూ నెమ్మదించాయి. అంటే అద్దె తల్లులు, అద్దె పిల్లలు, అన్ని అవకతవకల మధ్య కూడా ఆ నియమం పనిచేస్తూనే ఉంది. దొంగలున్నారని తాళం వెయ్యడం మానేసిన ఇల్లు ఏమవుతుందో జకార్తా అదే అయింది.

ఇప్పుడు కల్యాణ పథకంలోని మెలిక. పెళ్లయింది, ఖాళీ సీటు నిండింది, ప్రభుత్వం సంతోషించింది. కానీ వరుడి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, వధువుది వైట్‌ఫీల్డ్‌లో. నెల తిరక్కుండా ఇంట్లోకి రెండో కారు వస్తుంది, అందులో పక్క సీట్లో ఇంకో సంచి, దానికి ఇంకో బెల్టు. ఒంటరి కారును జంట కారు చెయ్యబోయిన పథకం రెండు ఒంటరి కార్లను కంటుంది. రోడ్డు పెంచితే ఆ మేరకు కార్లు పెరుగుతాయని ట్రాఫిక్ ఇంజనీర్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది ఇదే, వాళ్లు సంతానం అనరు, ఇండ్యూస్డ్ డిమాండ్ అంటారు. ఏలినవారు ఆడపెళ్లివారిని మరిచిపోయారనుకోకండి. కె.ఆర్.పురం నుంచి నాయండహళ్లి దాకా రెండో సొరంగం కూడా ప్రతిపాదనలో ఉంది. పొరుగువాళ్లూ ఊరుకోలేదు: ఆ సెప్టెంబరులోనే అవుటర్ రింగ్ రోడ్డు గుంతలు పడలేక ఒక కంపెనీ సామాను సర్దుకుంటానంటే, విశాఖ వచ్చెయ్యమని ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్ గారు అప్పటికప్పుడు సంబంధం పంపించారు. మన వైపు ఉత్సాహం బాగానే ఉంది. హైదరాబాదులో కోకాపేట, నార్సింగి రోడ్ల మీద సాయంత్రం ఆరింటికి నిలబడ్డవాళ్లకు మాత్రం, ఈ పెళ్లి సందడి మనింటికి రావడానికి ఎంతో కాలం పట్టదని తెలుసు.

ఏదో సరదాగా అన్న మాటను పట్టుకుని ఇంత రాద్ధాంతమా అంటారు. అనండి. ఆయన చెప్పింది నిజమే కదా అనే వాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. మన సంబంధాల్లో ప్యాకేజీ తర్వాత ఫ్లాటు, ఫ్లాటు తర్వాత కారు అడుగుతున్న మాట వాస్తవమే. అయితే బెంగళూరులో కారు హోదా గుర్తు అయ్యే లోపే గత్యంతరం లేని అవసరం అయి కూర్చుంది. అలా కూర్చోబెట్టింది ఎవరు? మెట్రో గరిష్ఠ ఛార్జీని 2025 ఫిబ్రవరిలో 60 నుంచి 90 రూపాయలకు పెంచారు. సబర్బన్ రైలుకు 2020లో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది: 148 కిలోమీటర్లు, 15,767 కోట్లు. 2022 జూన్‌లో ప్రధాని శంకుస్థాపన చేసి 40 నెలల్లో పూర్తవుతుందన్నారు. ఆ 40 నెలలు 2025 అక్టోబరుతో తీరిపోయాయి, అప్పటికి ఒక్క కారిడార్‌లోనూ ఒక్క రైలూ కదల్లేదు. ఈ పాపంలో ఢిల్లీకీ బెంగళూరుకీ సగం సగం. అది పాత ధర, ఇవాళ ఆ సొమ్ముకు అంత రైలు రాదంటారా, రెట్టింపు వేసుకోండి. అయినా 148 కిలోమీటర్ల పక్కన 16 కిలోమీటర్లు తేలిపోతాయి. ఎంత సాఫీగా సాగినా ఒక లేన్‌లో గంటకు రెండు వేల కార్లు మించి పోవు, కారుకు ఒక్కడే అయితే రెండు వేల మంది. కిక్కిరిసిన ఆరు పెట్టెల మెట్రో రైలు దాదాపు అంతమందినీ ఒక్క ఖేపులో దించుతుంది. ఇది అర్థం కావడానికి ఇంజనీరు కానక్కర్లేదు. అర్థం కానట్టు ఉండాలంటే మాత్రం మంత్రి కావాలి.

పిల్లనివ్వరు అన్న ఆ మాటలో పిల్ల ఉన్నది ఇవ్వడానికే, ఎక్కడికైనా వెళ్లడానికి కాదు. ఆమెకూ ఉద్యోగం ఉంది. మారతహళ్లి స్టాపులో 500డి బస్సు కోసం నిలబడేది ఆమే. ఆ బస్సు కూడా హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుకే పోతుంది, మీ సొరంగం కొసలు ఏవో దాని కొసలూ అవే. రాత్రి ఎనిమిదింటికి, మెట్లదాకా నిండిన బస్సు ఆగకుండా వెళ్లిపోతే తర్వాతి దానికోసం ఆ గుంతల పక్కన ఎంతసేపు నిలబడాలో ఆమెకు చెప్పే దిక్కు లేదు. ఆమె ముందు నుంచి వానలో తడుస్తూ పోయే డెలివరీ కుర్రాడికి మీ సొరంగంలో చోటు లేదు. సొరంగం మొయ్యబోయే మనుషుల కన్నా ఎన్నో రెట్ల మంది బస్సుల్లో, బైకుల మీద, కాలినడకన ఈ నగరాన్ని రోజూ నడిపిస్తున్నారు. వాళ్ల నెత్తిన 17 వేల కోట్లు పెట్టి, పెళ్లి జోకు చెప్పి లేచిపోవడానికి సిగ్గుండాలి. 2019లో ఇదే అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా బస్సులకు ప్రత్యేక లేన్ గీశారు, కమ్మీలు పాతారు. మెట్రో పనులు మొదలయ్యాక ఆ లేన్ మాయమైంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి భూమి తవ్వక్కర్లేదు. కొంత పెయింటు, ఒక వరస కమ్మీలు, అందులోకి దూరే ఒంటరి కారును ఎవరిదని చూడకుండా ఆపే పోలీసు, వెనక సరిపడా బస్సులు. అది ఎప్పుడు ఇస్తారో తేదీ చెప్పండి. పెళ్లిళ్లు మేం చేసుకుంటాం.