కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ

"స్విఫ్ట్ రేటుకే బెంజ్!" ఈమధ్య ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, ఇదే కేక. తెల్లచొక్కా కుర్రాడొకడు నల్లటి కారు బానెట్ మీద చెయ్యేసి, "అన్నా, రీడింగ్ చూసి భయపడకు, ఇంజన్ మక్ఖన్ ఉంది, ఒక్క రూపాయి పని లేదు, ఎక్కుడు తోలుడే" అంటాడు. కెమెరా సన్‌రూఫ్ దాకా పైకి లేస్తుంది, తోలు సీట్ల మీదికి దిగుతుంది, బానెట్ మీది చుక్క దగ్గర కాసేపు ఆగుతుంది. కారు కిందికి మాత్రం చచ్చినా పోదు. వాడు అబద్ధం చెబుతున్నాడని కాదు నాకు ఒళ్లు మండేది. నిజమే చెబుతున్నాడు. 2012 ప్రాంతంలో 40 లక్షలు పోసి కొన్న బెంజ్ ఈ-క్లాసో, బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీసో ఇవాళ లక్షన్నర కిలోమీటర్లు తిరిగొచ్చి, ఏడెనిమిది లక్షలకు బేరానికి నిలబడుతున్న మాట వాస్తవమే. కొత్త స్విఫ్ట్ రోడ్డెక్కడానికీ సుమారుగా అంతే అవుతుంది. అబద్ధమాడేవాడితో పేచీ పెట్టుకోవచ్చు. నిజం చెప్పి ముంచేవాడితో ఏం పెట్టుకుంటాం?

తిరకాసల్లా ఒక్కటే. వయసు మీదపడేకొద్దీ కారు ధర తగ్గుతుంది, దాని విడిభాగాల ధర తగ్గదు. "మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి హెడ్‌లైటు కూడా సగం ధరకే ఇస్తాం" అని ఏ షోరూమువాడూ అనడు. కొనేది స్విఫ్ట్ ధరకు, మేపేది 40 లక్షల కారుని. ఉదాహరణకి మెర్సిడెస్ వారి ఓఎం642 అనే వీ6 డీజిల్ ఇంజన్ తీసుకోండి. గట్టి ఇంజన్, పేరున్న ఇంజన్. దాని రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో ఆయిల్ కూలర్ ఒకటి కూర్చుని ఉంటుంది. దానికి వేసిన రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి ఆయిల్ కార్చడం మొదలుపెడతాయి. సీళ్ల ఖరీదు గురించి ఎవరూ ఏడవక్కర్లేదు. కానీ వాటిదాకా చెయ్యి పోవాలంటే టర్బో విప్పాలి, ఇన్‌టేక్ మానిఫోల్డులు విప్పాలి, వాటిని అల్లుకున్న పైపులూ వైర్లూ విప్పాలి. బిల్లులో సామానుది ఒక గీత, లేబరుది ఒక పేజీ. బీఎండబ్ల్యూ వారేమో ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్‌ని ముందువైపు కాక వెనక, గేర్‌బాక్స్ పక్కన పెట్టారు. చాలా ఏళ్లపాటు 520డీలో వచ్చింది ఈ ఇంజనే. చైన్ సాగి గరగరమంటే గేర్‌బాక్సో, మొత్తం ఇంజనో కిందికి దిగాల్సిందే. వినపడనట్టు తోలితే ఒకనాడు తెగుతుంది. తెగిన మరుక్షణం వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఆ తర్వాత మీ బావమరిది "నేను ముందే చెప్పాను" అంటాడు. జర్మనీలో బొమ్మ గీసిన ఇంజనీరుకి మొదటి యజమాని ఒక్కడే కనిపించాడు. మూడో యజమాని, అతని జీతం, అతని చిట్టీల లెక్క, ఇవేవీ ఆయన కాగితం మీద లేవు.

అంతకన్నా ముచ్చటైన ఏర్పాటు 2006కి ముందు వచ్చిన డబ్ల్యూ211 తరం ఈ-క్లాస్‌లో ఉండేది. సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్ అని దాని పేరు. మనం పెడల్ తొక్కితే ఆ బలం నేరుగా చక్రానికి చేరదు. కంప్యూటరు సంగతి కనుక్కుని, పంపుతో బ్రేకు వేయిస్తుంది. వేయిస్తూ ఎన్నిసార్లు వేశామో లెక్క కూడా రాసుకుంటుంది. నిర్ణీత సంఖ్య దాటాక యూనిట్ మార్చమని డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. ఆటోబాన్ మీద గంటసేపు బ్రేకు జోలికి పోకుండా తిరిగే మనిషికి అది జీవితకాలపు సంఖ్యే కావచ్చు. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా షేర్ ఆటోల వెనక, కాలనీవాళ్లు సొంత సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగే మనిషికి అది ఏమవుతుందో వేరే చెప్పాలా? 2004లోనూ 2005లోనూ లక్షల కార్లను వెనక్కి పిలిపించాక, మెర్సిడెస్ వారే విసిగి 2006 నుంచి ఈ-క్లాస్‌కి మామూలు బ్రేకులు పెట్టారు. తయారుచేసినవాళ్లే వద్దనుకున్న సామానుని మనం ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటున్నాం.

ఇక్కడ డాక్టర్ గారి సంగతి కొంచెం మాట్లాడుకోక తప్పదు. మన రెండు రాష్ట్రాల్లో అమ్మకానికొచ్చే పాత పెద్ద కార్లన్నీ డాక్టర్లవే. ప్లీడర్లు, బిల్డర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, సినిమావాళ్లు కొత్తగా కొన్నప్పుడు రోడ్డంతా వాళ్ల కార్లే. పాతబడేసరికి అవన్నీ ఏమైపోతాయో తెలీదు, బేరం దగ్గరికొచ్చేసరికి "డాక్టర్ గారి కారు సార్" అయిపోతాయి. ఏ డాక్టర్ అని అడిగితే గుండె డాక్టర్ అంటాడు బ్రోకరు. ఎప్పుడూ గుండే. చర్మవ్యాధుల డాక్టరూ పశువుల డాక్టరూ ఈ దేశంలో ఇంతవరకు కారు అమ్మిన దాఖలా లేదు. ఇంతమంది గుండె డాక్టర్లు ఇన్ని కార్లు అమ్ముకుంటూ కూర్చుంటే ఓపీ ఎవరు చూస్తున్నారో భగవంతుడికే తెలియాలి. ఇంతకీ డాక్టర్ గారే ఎందుకు? డాక్టరంటే నెమ్మదస్తుడని, చేతులు కడుక్కునే మనిషని, గోతిలో బండి దింపడని మనకో నమ్మకం. ఏ నర్సింగ్ హోం ముందైనా పది నిమిషాలు నిలబడి పార్కింగ్ చూస్తే ఆ నమ్మకం దానంతటదే సడలుతుంది. పైగా డాక్టర్లకు అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. అర్ధరాత్రి ఫోనొచ్చిన మనిషి చల్లటి ఇంజన్‌ని కాసేపు వేడెక్కనిచ్చి, ఆ తర్వాత మెల్లగా గేరు వేస్తాడా? రోగులకి మూణ్ణెల్లకోసారి చెకప్‌కి రమ్మని రాసిచ్చే చేతికి సొంత కారు సర్వీసు తేదీ గుర్తుంటుందనుకోవడం కూడా దురాశే.

అసలు రోగం ఇంకోచోట ఉంది. "ఇంటి నుంచి హాస్పిటల్‌కి, హాస్పిటల్ నుంచి ఇంటికి, అంతే సార్ తిరిగింది" అని బ్రోకరు సర్టిఫికెట్ ఇస్తాడు చూడండి, డీజిల్ కారుకి అంతకు మించిన అనారోగ్యం లేదు. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆవిరైపోదు, బ్యాటరీ నిండదు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు కూడా ఉన్న కారైతే మరీ ఘోరం. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు నిలకడగా పరుగెత్తాలి. ఇక్కడేమో అది కాలడానికి సిద్ధమయ్యేలోపే హాస్పిటల్ వచ్చేస్తుంది. రబ్బరుకీ ప్లాస్టిక్కుకీ కిలోమీటర్లతో పనిలేదు. మన ఎండలో ఊరికే నిలబడ్డా ముసలివైపోతాయి. ఈ లెక్కన వారానికి రెండుసార్లు విజయవాడ హైవే మీద తిరిగి, మీటరులో రెండు లక్షలు చూపించే కాంట్రాక్టరు కారే ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ, సర్వీసు బిల్లులుంటే. కానీ "కాంట్రాక్టర్ గారి కారు సార్" అని గర్వంగా చెప్పుకునే బ్రోకరు ఇంకా పుట్టాలి.

సరే, డాక్టర్ గారిని వదిలేసి డబ్బు దగ్గరికొద్దాం. లెక్క తెలిసినవాళ్లు ఈ కారుతో ఎలా ప్రవర్తిస్తున్నారో చూస్తే చాలు, మనం వేరే లెక్క వేయక్కర్లేదు. కొత్త కారుకి ఎగబడి అప్పిచ్చే బ్యాంకు, పదేళ్లు దాటిన కారనగానే సాధారణంగా మొహం తిప్పుకుంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ ఇంకా నిక్కచ్చి మనిషి. రిపేరు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని మొత్తం పోయినట్టే లెక్కగడుతుంది. కారు విలువేమో స్విఫ్ట్ దగ్గర, హెడ్‌లైట్లూ ఎయిర్‌బ్యాగులూ రేడియేటరూ మాత్రం 40 లక్షల దగ్గర. ఒక లారీ వెనక మోస్తరుగా గుద్దుకుంటే చాలు, కాగితం మీద ఆ కారు చచ్చిపోతుంది. ఇక మూడోవాడు మొదటి యజమాని. డబ్బున్నవాడు, కారు చరిత్ర మొత్తం తెలిసినవాడు. ముందున్న బిల్లుల ఎస్టిమేటు చేతికొచ్చిన వారంలోనే అమ్మకానికి పెట్టినవాడు. ఆయన తగ్గించిన ధరలో పెద్దమనసేమీ లేదు, ఆ ఎస్టిమేటే ఉంది.

ఢిల్లీ సరుకు గురించీ ఒక మాట. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాటలతో అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్ల బతుకు ఇరుకున పడింది. అవి ఎన్‌వోసీ పట్టుకుని దక్షిణాదికి దిగుతున్నాయి. ధర ఇంకో లక్ష తక్కువ. ఆ ఆనందంతో ఆర్టీవో ఆఫీసుకెళితే లైఫ్ ట్యాక్స్ కట్టమంటారు, అదీ మనం కొన్న ధర మీద కాదు, కారు కొత్తగా ఉన్నప్పటి ధరను పట్టుకుని, వయసుకింత అని తగ్గించి. పదిహేనేళ్లు నిండగానే రిజిస్ట్రేషన్ రెన్యువలు, గ్రీన్ ట్యాక్సు. తగ్గిన లక్ష కౌంటరు దగ్గరే ఖర్చయిపోతుంది.

దీనికి జవాబు ఉన్నవాళ్లు బోలెడంతమంది. "షోరూముకి ఎవడు పొమ్మన్నాడు? ఆటోనగర్‌లో మస్తాన్ భాయ్ సగానికి చేస్తాడు" అంటారు. ఆటోనగర్ చేతిపని మీద నాకు గౌరవం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీని ముక్కలుముక్కలు చేసి మళ్లీ లారీగా నిలబెడతారు. కానీ ఈ కార్లలో స్పానరుకి లొంగేది సగమే. ఫైవ్ సిరీస్‌లో బ్యాటరీ మారిస్తే, ఫలానా బ్యాటరీ మారిందహో అని కారు కంప్యూటరుకి విన్నవించుకోవాలి, లేకపోతే కొత్తదాన్ని కూడా పాతదనుకునే ఛార్జి చేస్తుంది. బ్యాటరీ సంగతే ఇలా ఉంటే గేర్‌బాక్సు మాడ్యూలు సంగతి ఊహించుకోండి. కటింగ్ కార్ల నుంచి తీసిన సామాను చవకే, ఢిల్లీ మాయాపురిలోనూ చెన్నై పుదుపేటలోనూ దొరుకుతుంది. కాకపోతే మీ కారుకి పోయిన భాగమే ఆ కారుకీ పోయి ఉంటుంది. ఇంకొందరు గ్రీసు ట్యాక్సీ కథ ఎత్తుకుంటారు. థెస్సలొనికీ నగరంలో గ్రెగోరియోస్ సాచినిడిస్ అనే డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ 240డీ మీద 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికే ఇచ్చేశాడు. నిజమే, కాదనను. అయితే ఆయన విడి ఇంజన్లు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి బిగిస్తూ తిరిగాడు. పైగా అది ట్యాక్సీ, తన ఖర్చు తనే సంపాదించుకుంది. చేత్తో విప్పి చేత్తో బిగించే కాలపు కారు అది. బ్రేకుల లెక్క రాసుకునే కారుకి దాని గోత్రం పూసి అమ్మడం న్యాయం కాదు. "రోజూ ఎందుకు, ఆదివారం మాత్రమే తీస్తాను" అనేవాళ్లు డాక్టర్ గారి పేరా ఇంకోసారి చదువుకోవాలి.

ఇన్ని లెక్కలూ ఒక్కచోట మాత్రం నీరుగారిపోతాయి. గేటెడ్ కమ్యూనిటీ ముందు ఆల్టో ఆగితే సెక్యూరిటీ అతను రిజిస్టరు తెస్తాడు. పేరు, ఫ్లాట్ నంబరు, ఎవరి కోసం, ఫోను నంబరు, సంతకం. వెనకే పదమూడేళ్ల బెంజ్ వస్తే, లోపల చెక్ ఇంజన్ లైటు వెలుగుతున్నా సరే, గేటు ఎత్తి సెల్యూట్ కొడతాడు. ఆ సెల్యూట్ కొట్టే మనిషి జీతం ఆ కారు టైరు ఖరీదు కంటే తక్కువ కావచ్చు. ఫంక్షన్ హాల్ దగ్గరా అంతే, ఏ కారు ముందు నిలపాలో, ఏది వెనక వీధిలోకి పంపాలో కుర్రాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు కాఫీ తాగుతూ కిటికీలోంచి చూసేది ఏమిటో అందరికీ తెలుసు. ఇవన్నీ చూస్తూ పెరిగి, నలభై ఏళ్లు దాటాక, జీవితంలో ఒక్కసారైనా సంతకం పెట్టకుండా లోపలికి పోవాలనుకున్న మనిషిని నేను తెలివితక్కువవాడనలేను. ఆయనకి లెక్క రాకపోవడమేం లేదు. ఆ సెల్యూట్‌ని ఏ గడిలో వేయాలో తేలక అక్కడ ఆగాడు.

కాబట్టి కొనేవాళ్లు కొంటారు. చేతిలో ఎనిమిది లక్షలుంటే ఐదు లక్షల కారే చూడండి, మిగతా మూడూ మొదటి ఏడాదే అది అడిగి పుచ్చుకుంటుంది. పొద్దున్నే వెళ్లండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, మీకు వినిపించకూడని చప్పుడేదో అప్పటికే అయిపోయిందన్నమాట, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. స్కానరు పెట్టించండి. బ్రేకు పెడల్ రబ్బరూ స్టీరింగ్ తోలూ అరిగిపోయి మీటరు మాత్రం 60 వేలే చూపిస్తుంటే నమ్మాల్సింది రబ్బరుని. ఆ కుర్రాడు చెప్పే కథలన్నీ విని, చివర్లో రెండో తాళం అడగండి. ఉండదు. "డాక్టర్ గారి మిసెస్ దగ్గర ఉండిపోయింది సార్, రేపు పంపిస్తారు" అంటాడు. ఆ రేపు రాదు. కొత్త తాళం కావాలంటే ఆర్‌సీ, ఆధార్ పట్టుకుని షోరూముకే వెళ్లాలి. అది జర్మనీ నుంచి రావాలి. వాళ్లు చెప్పే ధరకి బయట ఓ మోస్తరు పాత యాక్టివా వస్తుంది.