శీలావతీ చిత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: కొల్లేటి ప్రాంతపు కాలువగట్టుమీద ఒక మహాశయుడు నిలిచి, రెండు చేతులును కెమెరావైపునకు చాచి, ఒక శీలావతిని అడ్డముగా పట్టుకొని మందహాసము చేయుచున్నాడు. చొక్కా తడిసి వంటికి అంటుకొనియున్నది. గాలపుకఱ్ఱ ప్రక్కనున్న తుమ్మచెట్టునకు ఆనింపబడినది. చేప తోకకు కొంచెము ఇవతల, పొలుసులమీద, నాలుగైదు ఊకపొట్టులు కనబడుచున్నవి.

టీక: మందహాసము = జయసూచకము; గాలపుకఱ్ఱ = సాక్షి; చాచిన చేతులు = అలంకారము; ఊక = విచారణీయము.

వ్యాఖ్య: మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతినపూనిన కోలాచల మల్లినాథసూరి అడుగుజాడలలో నడువగోరువారికి ఈ చిత్రము గొప్ప పరీక్ష, ఏలయన ఇందు మూలమున ఉండరానిదే మూలమున ఉన్నది. చేతులు చాచుటను గూర్చి మాత్రము గాలము వేయువారిలో భిన్నాభిప్రాయము లేదు. కెమెరాకు మోము 6 అడుగుల దూరమునను చేప 4 అడుగుల దూరమునను ఉన్నయెడల, మోముతో సరిపోల్చుకొనువానికి చేప ఒకటిన్నర రెట్లుగా తోచును. ఇది అతిశయోక్తి, ఈ శాస్త్రమున అతిశయోక్తి దోషము కాదు, నిత్యవిధి. అయినను చేపను పట్టిన బొటనవ్రేలు చేపతోబాటే ముందునకు వచ్చినది గనుక బొంకజాలదు. ఆ వ్రేలితో కొలిచిన ప్రాజ్ఞులు, యజమాని ఐదు కిలోలని చాటుకొన్న శీలావతిని రెండు కిలోలకు మించనీయలేదు.

ఇక ఊక. పూర్వపక్షులు అందురుగదా: తవుడును చెక్కపిండిని కలిపి ముద్దచేసి నీట విసరి చేపలను చేరదీయుట లోకమెఱిగిన ఆచారమే, ముతక తవుడులో ఊక తగులుట సహజము, ఆ చేతితోనే చేపను పట్టుటవలన అది అంటుకొన్నది, ఇందులో శంకింపవలసినది ఏమున్నదని. వాదము వినసొంపుగానే యున్నది. కాని చిత్రమును పెద్దదిచేసి చూడుడు. తవుడులోని ఊక మిల్లున నలిగి తునకలైనది. ఇచటి పొట్టు ఒక్కొక్కటియు చిన్న పడవవలె నిండుగా నున్నది. పైగా చేపను పట్టిన వ్రేళ్ళు అద్దమువలె శుభ్రముగా నుండగా, చేయి తాకని తోకప్రక్కనే ఊక అంటుట ఎట్లు?

సిద్ధాంతము చెప్పవలసినవారు ఐసు వ్యాపారమెఱిగినవారు. ఐసుదిమ్మలు కరగిపోకుండ ఊకలోనో రంపపుపొట్టులోనో కప్పియుంచుట ఆ వృత్తిలో పాతపద్ధతి. దిమ్మను పగులగొట్టి చేపలపై పోయునప్పుడు, ఎంత కడిగినను, కొంత పొట్టు వెంట వచ్చును. కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెంచిన బొచ్చెలును శీలావతులును ఐసుపొరల నడుమ పరుండి లారీలలో బంగాళపు బజారులవఱకు పయనించుట అందఱు నెఱిగినదే. మన శీలావతియు అట్టి శయ్యనుండి లేచివచ్చినదని ఊక ఘోషించుచున్నది. ఊక ఒక్కటే కాదు. అప్పుడే పట్టిన చేప కన్ను ఉబికి నిగనిగలాడును. దీనికన్ను లోనికి దిగి పాలుపోసినట్లున్నది. కొంచెము తెఱచుకొన్న మొప్పకప్పు క్రింద ఎఱుపునకు మాఱుగ గోధుమరంగు తొంగిచూచుచున్నది. అంతకన్న ముఖ్యము, నడుమునకు పట్టుకొన్నప్పుడు తల తోకలు రెండును క్రిందికి వ్రేలాడవలసిన దేహము గట్టిపడి కొలబద్దవలె నిలిచియున్నది. ప్రాణముపోయిన కొంతసేపటికిగాని సాధారణముగ ఆ బిగువు రాదు. ఎండకు కన్ను వాడినదని ఒక సానుభూతిపరుడు వాదించెను. కన్ను వాడవచ్చును, ఎండ ఊకను పండించదు.

తాత్పర్యము: ఒక పెద్దమనిషి ఆదివారమునాడు గాలముతో బయలుదేఱి, బజారుమీదుగా తిరిగివచ్చెనని భావము.

విశేషము: ఇంతవఱకు తేలినను చొక్కా సంగతి తేలలేదు. బజారులో చేప కొన్నవాని చొక్కా తడియనేల? నీటిలో దిగి పెనుగులాడినాడన్న వాదమును ఎవ్వరును నిలుపలేకపోయిరి. కాలువలో దిగినవానికి మొదట తడియునది లుంగీ అంచు, మన నాయకుని లుంగీ అంచో ఇస్త్రీమడత చెడక పొడిగా నున్నది. కావున దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి ఱొమ్మున చల్లుకొన్నాడనియే నవ్యులు నిశ్చయించిరి. ఈ వ్యాఖ్యాతకును అదియే సమ్మతము, కాని ఒక్క విన్నపము కలదు: అంత శ్రమపడి తన్ను తాను తడుపుకొన్నవాడు, ఆ చేతితోనే చేపపై ఒక్క దోసెడు పోసియుండినచో ఊక కొట్టుకొనిపోయెడిది, ఐదు కిలోలలో మూడింటిని మాత్రమే మేము తగ్గించి ఊరకుండెడివారము.