ఇంకో గది

ఎక్స్‌ఛేంజ్ విద్యార్థినిగా బెర్లిన్‌లో దిగిన కొత్తలో గది దొరకడమే గగనమైంది. హాస్టల్ వెయిటింగ్ లిస్టు ఎప్పటికీ కదలదు. బయట అద్దెలు చూస్తే గుండె ఆగుతుంది. చివరికి షోనెబెర్గ్ పేటలో ఒంటరిగా ఉంటున్న ఎనభై ఏళ్ళ పెద్దాయన తన ఫ్లాట్‌లో వీధి వైపు గది ఇచ్చాడు. మంచి గాలీ వెలుతురూ ఉన్న గది. తాళంచెవి చేతిలో పెడుతూ ఒక్క మాట చెప్పాడు:

"ఊరు చూడాలంటే ఒక్కదానివే వెళ్ళమ్మా. పక్కన తోడుంటే కబుర్లతోనే సరిపోతుంది. కాస్త నేల మీద చూపు పెట్టి నడువు."

మర్నాడు గుమ్మం దిగుతూనే ఆ మాటకి అర్థం తెలిసింది. కాలిబాట రాళ్ళ మధ్య మూడు చిన్న ఇత్తడి పలకలు, ఒక్కోటీ అరచేయంత. పైన 'ఇక్కడ నివసించారు' అని, కింద పేరు, పుట్టిన ఏడు, తీసుకెళ్ళిన నెల, చంపిన చోటు. భర్త, భార్య, 1939లో పుట్టిన పాప. ముగ్గురినీ 1943 మార్చిలో ఆష్విట్జ్‌కి పంపించారు.

వీటిని స్టోల్పర్‌స్టైన్ అంటారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్ నగరంలో మొదలుపెట్టాడు. 2023కల్లా యూరప్ అంతటా కలిపి లక్ష దాటాయి. నాజీలకు బలైన మనుషులు తమ ఇష్టప్రకారం బతికిన ఆఖరి ఇల్లు ఏదో వెతికి, ఆ గుమ్మం ముందే వేస్తారు. చదవాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే.

ఇక ఆదివారం వస్తే చాలు, మెట్రో పాస్ జేబులో వేసుకుని బయల్దేరేదాన్ని. బ్రాండెన్‌బర్గ్ గేటూ, మ్యూజియంలూ అందరూ చూసేవే. నన్ను పట్టి నిలిపింది మా పేటే. 1933కి ముందు ఐన్‌స్టీన్ కాపురమున్న పేట అది. బయరిషర్ ప్లాట్జ్ చుట్టుపక్కల దీపస్తంభాలకు ఎనభై బోర్డులు కట్టి ఉంటాయి. ఒకవైపు రంగుల బొమ్మ, రెండోవైపు ఆ రోజుల్లో యూదుల మీద పెట్టిన నిబంధన. వాళ్ళు కిరాణా సరుకులు సాయంత్రం నాలుగు నుంచి ఐదు లోపే కొనుక్కోవాలని ఒక స్తంభం చెబుతుంది. కుక్కనీ పిల్లినీ పెంచుకోకూడదని ఇంకో స్తంభం. ఇవన్నీ తెల్లారి లేస్తే పక్కింటివాళ్ళ కళ్ళ ముందు అమలైన నిబంధనలు. చదువుతూ వెళ్తుంటే కడుపులో దేవినట్టయ్యేది.

ఒకరోజు గ్రూనెవాల్డ్ స్టేషన్‌కి వెళ్ళాను. అక్కడ 17వ నంబరు ప్లాట్‌ఫాం మీదికి ఇప్పుడు రైళ్ళు రావు. పట్టాల మధ్య చెట్లు మొలిచాయి. ప్లాట్‌ఫాం అంచున 186 ఉక్కు పలకలు. ఒక్కో పలక ఇక్కణ్ణించి యూదుల్ని తీసుకెళ్ళిన ఒక్కో రైలుకి లెక్క: ఏ తేదీన, ఎంతమందిని, ఎక్కడికి. ఎక్కించేముందు ఒక్కొక్కరి చేతా పదహారు పేజీల ఫారం నింపించేవారట. ఇంట్లో దుప్పట్లెన్ని, కుర్చీలెన్ని, చెంచాలెన్ని అని. మనుషులు వెళ్ళిపోయాక సామాను వేలానికి, ఇల్లు ఇంకొకరికి. ఆ ఇంకొకరు ఎవరన్నది మాత్రం ఏ పలక మీదా కనబడలేదు.

నవంబరు 9 వచ్చింది. 1938లో అదే రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టారు, దుకాణాలు పగలగొట్టారు. ఏటా ఆ రోజున ఊళ్ళో జనం ఎవరి వీధిలో పలకలు వాళ్ళు తోమి, కొవ్వొత్తి వెలిగిస్తారు. క్లాసు ముగించుకుని వచ్చేసరికి ఐదు కాకుండానే చీకటి పడిపోయింది. మా గుమ్మం ముందు పెద్దాయన మడత పెట్టిన దుప్పటి మీద మోకరిల్లి, గుడ్డతో ఇత్తడి రుద్దుతున్నాడు. భర్త పలక, భార్య పలక అయిపోయాయి. పాప పలక దగ్గర చెయ్యి ఎంతకీ ఆగడం లేదు.

నేనూ పక్కన కూర్చుని గుడ్డ అందుకున్నాను. ఆ వయసులో, ఆ చలిలో, ఆ మోకాళ్ళతో అంత కష్టం ఎవరు పడతారు, రక్తసంబంధం లేకపోతే? గొంతు పెగుల్చుకుని అడిగాను.

"మీ వాళ్ళా?"

"కాదమ్మా." తల ఎత్తలేదాయన. "మేము ఈ ఇంట్లోనే వెనక వాటాలో ఉండేవాళ్ళం. ఒక్కటే గది. నేను అమ్మ కడుపులో పడ్డాను. ఇంకో గది కావాలని నాన్న అర్జీ పెట్టాడు. అందులో వీళ్ళ ఫ్లాట్ నంబరు రాశాడు."

గుడ్డ దులిపి, నా వైపు చూశాడు.

"ఇప్పుడు నువ్వుంటున్నది ఆ గదే."